గోదాట్లో దొరికిన పుస్తకం

నా చిన్నప్పుడు మా పెదనాన్నగారి ఇంట్లో మనుషుల కంటే పుస్తకాలకే ఎక్కువ చోటు ఉండేది. నడవాలో గోడ పొడుగునా పుస్తకాలు, వంటింట్లో ఊరగాయ జాడీల పక్కన పుస్తకాలు, ఆయన పడుకునే మంచం కింద ట్రంకు పెట్టెల్లో పుస్తకాలు. వాన పడితే మా పెద్దమ్మ ముందు పుస్తకాల మీద ఎక్కడ కారుతోందో చూసి అక్కడ గిన్నె పెట్టి, ఆ తరువాతే మంచాలు జరిపేది. మా అమ్మానాన్నలు ఉద్యోగం కోసం వేరే ఊళ్ళో ఉండేవారు. రాజోలుకీ గోదావరికీ మధ్య ఉన్న ఆ ఊళ్ళో, పెద్దమ్మ దగ్గర ఉండి నేను చదువుకునేదాన్ని.

పెదనాన్నగారు ఒక దినపత్రికకి విలేఖరి. పొద్దున్నే సైకిలెక్కి పోలీసు స్టేషనూ, ఆసుపత్రీ, రేవూ తిరిగి వచ్చేవారు. మధ్యాహ్నం భోజనమయ్యాక నడవాలో కూర్చుని డిటెక్టివ్ నవలలు రాసేవారు. చేతిలో పట్టేంత చిన్న పుస్తకాలవి. అట్ట మీద ఎప్పుడూ ఒక పిస్తోలూ, భయపడుతున్న ఆడమనిషీ ఉండేవారు. చర్చికి క్రమం తప్పకుండా వెళ్ళే మనిషి ఇన్ని హత్యలు ఎలా రాస్తాడని ఊళ్ళో పెద్దలు విసుక్కునేవారు. మా పాస్టరుగారు మాత్రం కొత్తది వచ్చిందని తెలియగానే కబురు పెట్టేవారు. నేను దాన్ని కాగితంలో చుట్టి ఇచ్చి వచ్చేదాన్ని.

అడిగిన వాళ్ళకి లేదనకుండా పుస్తకం ఇవ్వడం ఆయన అలవాటు. ప్రతి పుస్తకం లోపలి అట్ట మీద ఆయన పేరూ, 'చదివి తిరిగి ఇవ్వవలెను' అన్న మాటా రబ్బరు స్టాంపుతో వేసి ఉండేవి. ఎవరు ఏది పట్టుకెళ్ళారో ఒక నోటుబుక్కులో రాసే పని నాది. నాకు అప్పుడు పదకొండేళ్ళు. దానికంటే పెద్ద పని ఇంకొకటి కూడా ఉండేది. నవల చివరి ప్రకరణం రాసేముందు ఆయన అంతవరకూ నాకు చదివి వినిపించి, హంతకుడు ఎవరో చెప్పమనేవారు. నేను చెప్పేదాన్ని. చాలాసార్లు నిజమయ్యేది. ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకుంటూ నవ్వితే, నా అంత తెలివైనది కోనసీమలో లేదని నాకు నమ్మకం కలిగేది.

ఆ గర్వమే ఒక శనివారం నాడు నా చేత చేయరాని పని చేయించింది.

అది ఆషాఢం. గోదావరికి ఎర్రనీరు దిగింది. ఒంటిపూట బడి అయ్యి నేను ఇంటికి వస్తుంటే మనుషులు రేవువైపు పరుగెడుతున్నారు. అవతలి ఒడ్డుకి వెళుతున్న మధ్యాహ్నం పడవ ఏటి నడుమ తిరగబడింది. పుస్తకాల సంచీతోనే నేనూ పరుగెత్తాను.

రేవులో పెదనాన్నగారు అప్పటికే ఉన్నారు. పంచె మోకాళ్ళదాకా తడిసి ఉంది. చేతిలో చిన్న నోటుబుక్కు, పెన్సిలు. చేపలుపట్టే వాళ్ళు నావలు వేసుకుని ఏట్లో గాలిస్తున్నారు. ఇవతలికి తెచ్చిన వాళ్ళు గట్టు మీద దుప్పట్లు కప్పుకుని వణుకుతూ కూర్చున్నారు. కొందరిని నీరు అవతలివైపుకి తోసుకుపోయిందనీ, అక్కడి నావలవాళ్ళు తీశారనీ అంటున్నారు. ఎవరిని తీశారో, ఎవరిని తీయలేదో ఇవతల తెలిసే దారి లేదు. ఎవరూ గట్టిగా మాట్లాడటం లేదు. ఒక ముసలాయన మాత్రం నీళ్ళవైపు చూస్తూ ఎవరినో పేరుపెట్టి పిలుస్తూనే ఉన్నాడు.

అంతలో ఒక నావ ఒడ్డుకి వచ్చింది. అందులో మనిషి లేడు. తడిసిన ఖాకీ గుడ్డ సంచీ ఒకటి ఉంది. కానిస్టేబులు దాన్ని విప్పి ఒక్కొక్కటీ గట్టు మీద పెట్టాడు. మూత బిగించిన అన్నం కేరియరు. పిండితే నీళ్ళు కారే తువ్వాలు. ఇంకొకటి, అట్ట సగం ఊడిన చిన్న పుస్తకం. లోపలి అట్ట చూసి అతను తలెత్తాడు.

"ఇది మీ పుస్తకవేనండీ" అన్నాడు పెదనాన్నగారితో.

నేను మనుషుల మధ్య నుంచి తలదూర్చి చూశాను. ఆ నెలలోనే అచ్చయి వచ్చిన నవల. మంగళవారం నాడు నా చేత్తోనే నోటుబుక్కులో రాశాను. పట్టుకెళ్ళింది మా పక్కింటి అక్క. అక్క అవతలి ఒడ్డున మిషన్ ఆసుపత్రిలో నర్సు. శనివారాలు ఆమెకి మధ్యాహ్నం డ్యూటీ. మధ్యాహ్నం డ్యూటీ అంటే ఈ పడవే.

ఒకదాని పక్కన ఒకటి పెట్టినట్టు అంతా నా కళ్ళ ముందు అమరిపోయింది. ఇన్నేళ్ళ తరువాత కూడా చెప్పడానికి సిగ్గుగా ఉంటుంది గానీ, ఆ క్షణాన నాలో దుఃఖం కంటే ముందు పుట్టింది, నేనే కనిపెట్టానన్న సంతోషం. పెదనాన్నగారితో ఒక్క మాట అనలేదు. వెనక్కి తిరిగి ఇంటివైపు పరుగెత్తాను.

అక్క వాళ్ళ అమ్మగారిని నేను పిన్నిగారు అనేదాన్ని. ఆవిడ పెరట్లో బియ్యం చెరుగుతున్నారు. నేను రొప్పుతూ వెళ్ళి నిలబడి, పడవ తిరగబడిందనీ, అక్క పుస్తకం ఏట్లో దొరికిందనీ, అక్క మునిగిపోయిందనీ చెప్పాను. ఆ మూడో మాట ఎవరూ నాకు చెప్పలేదు. అది నాదే.

పిన్నిగారు అరవలేదు. చేట కింద పెట్టారు. పెట్టిన చేట్లోంచి ఒక్కొక్క గింజా ఏరి పక్కన పెట్టడం మొదలుపెట్టారు. ఆ చేతులు అలా పని చేస్తూనే ఉన్నాయి. నేను మళ్ళీ చెప్పాను. అప్పుడు ఆవిడ మొహం చూసి నాకు మొదటిసారి భయం వేసింది.

పావుగంటలో వీధి వీధంతా ఆ ఇంట్లో ఉంది. ఏడుపులు రేవుదాకా వినిపించి ఉంటాయి. పిన్నిగారి భర్త మస్కట్‌లో పని చేసేవారు. ఆవిడ తమ్ముడు, అంటే అక్కకి మేనమామ, బావగారికి టెలిగ్రాం ఇవ్వాలని పోస్టాఫీసుకి బయలుదేరిపోయారు. పెదనాన్నగారు సైకిలు మీద వచ్చేసరికి పరిస్థితి అదీ. ఆయన గుమ్మంలోనే ఆగి ఎవరు చెప్పారని అడిగారు. అందరూ నావైపు చూశారు.

ఆయన నన్ను పక్కకి తీసుకెళ్ళి నా ఎత్తుకి వంగారు. కోప్పడతారనుకున్నాను. కోప్పడి ఉంటే బాగుండేది.

"బుల్లీ, ఆ ఖాకీ సంచీ అక్క చేతిలో ఎప్పుడైనా చూశావా?"

చూడలేదు.

"అక్క పడవెక్కడం చూసినోళ్ళు ఎవరైనా చెప్పేరా?"

చెప్పలేదు.

"మరి నీకు తెలిసిందేంటి?"

పుస్తకం అక్క పట్టుకెళ్ళిందని తెలుసు అన్నాను. "ఆఁ, అంతే" అన్నారాయన. "అంతవరకే నీకు తెలిసింది. మిగిలిందంతా నువ్వు రాసుకున్నావు."

లోపలికి వెళ్ళి పిన్నిగారి ముందు నేల మీద కూర్చుని, పొద్దున్న అమ్మాయి ఏం పట్టుకెళ్ళిందమ్మా అని చాలా నెమ్మదిగా అడిగారు. ఆవిడ ఎంతసేపటికో, నీలం వైరుబుట్ట అన్నారు. అన్నం పట్టుకెళ్ళదనీ, ఆసుపత్రిలోనే తింటుందనీ అన్నారు. ఖాకీ సంచీ వాళ్ళింట్లో లేదు. అమ్మాయి పదిన్నరకే బయలుదేరింది. ముందు పడవ దొరికిందో లేదో తెలియదు.

నా గుండె ఒక్కసారి తేలికైపోయింది. అక్క బతికే ఉంది పిన్నిగారూ అని చెప్పబోయాను. పెదనాన్నగారు నా చెయ్యి పట్టుకున్నారు. అంత గట్టిగా ఆయన నన్ను ఎప్పుడూ పట్టుకోలేదు. బయటికి వచ్చాక అన్నారు.

"చావుని తొందరపడి చెప్పేవు. బతుకునీ తొందరపడి చెప్పకు. ఇంకా మనకి తెలీదు."

నన్ను సైకిలు ముందు కడ్డీ మీద కూర్చోబెట్టుకుని పోస్టాఫీసుకి తొక్కారు. దారి పొడుగునా ఆయన ఊపిరి నా తల మీద తగులుతోంది.

పోస్టాఫీసులో మేనమామగారు టెలిగ్రాం కాగితం నింపేశారు. పోస్టుమాస్టరుగారు దాన్ని చదువుకుంటున్నారు. ఒక్క రెండు గంటలు ఆపండి అని పెదనాన్నగారు అడిగారు. మేనమామగారికి కోపం వచ్చింది. దుఃఖంలో ఉన్న మనిషి కోపం అది.

"మీ పిల్లే కదండీ వచ్చి చెప్పింది. ఇప్పుడు మీరు ఆపమంటారేంటండీ? ఆయన అక్కణ్ణించి బయల్దేరద్దా?"

పెదనాన్నగారు నా భుజం మీద చెయ్యి వేశారు. తోయలేదు, నొక్కలేదు. ఊరికే ఉంచారు. ఆయన నా తరఫున మాట్లాడబోవడం లేదని నాకు అర్థమైంది. మేనమామగారి మొహం చూస్తూ, "నేను చూడలేదండి. ఊహించి చెప్పేనండి" అన్నాను. ఆయన నన్ను కొడతారనుకున్నాను. ఆయన బల్ల మీద కూర్చుని మొహం చేతుల్లో దాచుకున్నారు. టెలిగ్రాం కాగితం పోస్టుమాస్టరుగారి చేతిలోనే ఉండిపోయింది.

మా ఊరికంతటికీ ఫోను ఆ పోస్టాఫీసులోదే. ఆసుపత్రి ఏటికి అవతల, గట్టు మీద నిలబడితే కనిపించేంత దగ్గర. ఫోను మాత్రం రాజమండ్రి చుట్టి వెళ్ళాలి. పెదనాన్నగారు ఆసుపత్రికి ఒక ట్రంక్ కాల్, ఆయన పత్రికాఫీసుకి ఒకటి బుక్ చేశారు. సాయంత్రం ఆరులోగా వార్త చెప్పకపోతే మర్నాటి పేపర్లో రాదు. లైను ఎప్పుడు దొరుకుతుందో చెప్పలేనని పోస్టుమాస్టరుగారు అన్నారు.

అక్కడే కూర్చుంటామనుకున్నాను. ఆయన మళ్ళీ సైకిలు తీశారు.

"ఆ సంచీ ఎవరిదో వాళ్ళింట్లో ఇంకా తెలీదు కదమ్మా" అన్నారు. "నువ్వూ రా. మొదలుపెట్టేవు కదా, చివరిదాకా చూడాలి."

అప్పటిదాకా నాకు ఆ ఆలోచనే రాలేదు. సంచీ అక్కది కాకపోతే చాలనుకున్నాను. అది ఇంకెవరిదో అయి తీరుతుందనీ, ఆ ఇంట్లో ఎవరో ఇంకా మామూలుగా ఉన్నారనీ అనుకోలేదు.

అక్క ఎవరికైనా పుస్తకం ఇచ్చిందా అంటే, చర్చి పక్కన టైలరుగారి దగ్గర జాకెట్టు కుట్టించుకుంటున్నప్పుడు ఆయన అడిగారనీ, ఇచ్చి ఉండవచ్చనీ పిన్నిగారు చెప్పారట. టైలరుగారు మిషను మీద వంగి ఉన్నారు. మమ్మల్ని చూసి పుస్తకం కోసం వచ్చామనుకుని నొచ్చుకున్నారు. సగం చదివాననీ, నిన్న సాయంత్రం వడ్రంగి మేస్త్రి వచ్చి, చూసి ఇస్తానని పట్టుకెళ్ళాడనీ చెప్పారు. వారం రోజులుగా మేస్త్రి అవతలి ఒడ్డున ఎవరిదో ఇంటి తలుపులు చేస్తున్నాడట.

"రోజూ ఈ మధ్యాన్నం పడవకే వెళ్తారండి. పొద్దున్న ఇక్కడ పని చూసుకుని" అంటూనే ఆయన ఆగిపోయారు. చేతిలోని గుడ్డ కింద పెట్టేశారు.

మేస్త్రి ఇల్లు ఊరి చివర కొబ్బరితోటల అవతల ఉన్న పేటలో. అక్కడికి రేవు సంగతులు ఇంకా చేరలేదు. కాలవ గట్టు మీద సైకిలు తొక్కుతూ వెళుతుంటే తోటల్లో ఎంత ప్రశాంతంగా ఉందో ఇప్పటికీ గుర్తుంది. ఎవరో కొబ్బరి పీచు తీస్తున్న చప్పుడు. నాకు ఆ ఇల్లు రాకూడదనిపించింది. మేము వెళుతున్నంతసేపూ ఆ ఇంట్లో ఏమీ జరగనట్టే కదా అనిపించింది.

మేస్త్రి భార్య వాకిట్లో కూర్చుని చింతపండు గింజలు తీస్తోంది. ముప్ఫై ఏళ్ళు ఉంటాయేమో. పేపరు రాసే బాబుగారు తమ ఇంటికి వచ్చినందుకు కంగారుపడి లేచి, చాప వేసింది. పెదనాన్నగారు కూర్చోలేదు. మేస్త్రిగారు పనికి ఏ సంచీ పట్టుకెళతారని అడిగారు. ఖాకీదండి, నేనే కుట్టేను, అంది ఆవిడ. అని, ఆయన మొహం చూసింది. తరువాత నా మొహం చూసింది. నేను తల దించుకున్నాను.

"ఎందుకండీ?"

ఆయన ఏమంటారో నాకు తెలియలేదు. ఏమీ కాలేదమ్మా అంటారేమో అనుకున్నాను. లేదా నాలాగా ఆ మాట అనేస్తారేమో. ఆయన ఆవిడ కళ్ళలోకి చూస్తూ, ఒక్కొక్క మాటా నిలబెట్టి చెప్పారు.

"మధ్యాన్నం పడవ తిరగబడిందమ్మా. మేస్త్రిగారి సంచీ దొరికింది. మేస్త్రిగారు ఇవతలి ఒడ్డుకి రాలేదు. అవతల కొంతమందిని తీసేరంట. అందులో ఉన్నారో లేదో నాకింకా తెలీదు. రేవుకి వెళ్దాం. నేను మీ పక్కనే ఉంటాను."

ఆవిడ చేతికి అంటిన చింతపండు కొంగుకి తుడుచుకుంది. పక్కింటావిడని పిలిచి పిల్లల్ని అప్పగించింది. మాతో నడిచి వచ్చింది. పెదనాన్నగారు సైకిలు ఎక్కకుండా నడిపించుకుంటూ ఆవిడ పక్కనే నడిచారు. నేను ఆవిడకి ఇంకో పక్కన నడిచాను. దారిలో ఎప్పుడో ఆవిడ చెయ్యి నా చేతిని పట్టుకుంది. ఎవరి చెయ్యి దొరికితే అది పట్టుకునే పట్టు అది.

రేవులో మేస్త్రి కబురేమీ లేదు. ఆవిడని ఆడవాళ్ళు చుట్టూ చేరి కూర్చోబెట్టారు. ఫోను వచ్చిందేమో చూసి వెంటనే వస్తానని చెప్పి పెదనాన్నగారు నన్ను తీసుకుని పోస్టాఫీసుకి పరుగులాంటి నడక నడిచారు.

మేము మెట్లెక్కుతుంటే ఆరు కావడానికి పది నిమిషాలు ఉంది. పోస్టుమాస్టరుగారు రిసీవరు చెవికి పెట్టుకుని చేత్తో తొందరగా రమ్మంటున్నారు. రెండు కాల్సూ ఒకేసారి వచ్చాయట. ఏదో ఒకటే ఇవ్వగలనని, ఏది కావాలని ఎక్స్చేంజి అడుగుతోంది. రెండోది మళ్ళీ ఎప్పుడు దొరుకుతుందో తెలియదు. ఊళ్ళో ఇంత ప్రమాదం ఎప్పుడూ జరగలేదు. దానికి ఆయన విలేఖరి.

"ఆసుపత్రి ఇమ్మనండి" అన్నారు పెదనాన్నగారు.

ఆ తరువాతి నిమిషాలు ఎంత పొడుగో చెప్పలేను. ఆయన అక్క పేరు చెప్పారు. మళ్ళీ చెప్పారు. గట్టిగా చెప్పారు. అవతల ఎవరో పిలవడానికి వెళ్ళినట్టున్నారు. మేనమామగారు లేచి గోడకి ఆనుకుని నిలబడ్డారు. గోడ గడియారం నడుస్తోంది. పెదనాన్నగారు ఒక్కసారి కళ్ళు మూసుకుని, రిసీవరు మేనమామగారి చేతికి ఇచ్చేశారు. ఆయన అది చెవికి పెట్టుకుని, "ఏమ్మా" అన్నారు. అంతే. ఇంకేమీ అనలేక ఏడ్చారు.

అక్క ముందు పడవకే వెళ్ళిపోయింది. అవతల ఒడ్డుకి తీసిన వాళ్ళకి మధ్యాహ్నం నుంచీ సేవ చేస్తూనే ఉందట. పెదనాన్నగారు మళ్ళీ రిసీవరు తీసుకుని మేస్త్రి గురించి అడిగారు. అక్క వెళ్ళి చూసి వచ్చి చెప్పింది. అలాంటి మనిషి అక్కడ లేడు.

పోస్టుమాస్టరుగారు టెలిగ్రాం కాగితాన్ని నాలుగు ముక్కలు చేశారు. మేనమామగారు ఇంటికి పరుగెత్తారు. నేనూ ఆయన వెనకాల పరుగెత్తాలనుకున్నాను. పిన్నిగారి మొహం మళ్ళీ మామూలుగా అవడం చూడాలని ఉంది. పెదనాన్నగారు మాత్రం రేవువైపు తిరిగారు. మేస్త్రి భార్యతో వెంటనే వస్తానని చెప్పారు కదా. నేను ఆయన వెనకే వెళ్ళాను. ఆవిడ దగ్గర వంగి ఆయన చెబుతున్నప్పుడు నేను అక్కడే నిలబడ్డాను. తల దించుకోలేదు.

ఆదివారం ఆరాధన ముగిసే వేళకి, దిగువన ఏటి నడుమ లంక దగ్గర మేస్త్రి శవం దొరికిందని కబురు వచ్చింది.

ఆ ఆదివారం పొద్దున్న మా పెదనాన్నగారి పత్రికలో పడవ వార్త లేదు. ఆయన ఎప్పుడూ చిన్నచూపు చూసే ఇంకో పత్రికలో ఉంది. చనిపోయిన వారి పేర్లలో అక్క పేరు కూడా ఉంది. శనివారం మధ్యాహ్నం మా వీధిలో ఏడుపులు విని ఎవరో రాసి పంపిన వార్త అది. సోమవారం అమలాపురం నుంచి, కొత్తపేట నుంచి చుట్టాలు ఏడుస్తూ దిగారు. వాళ్ళకి మంచినీళ్ళు ఇచ్చింది అక్కే. ఊళ్ళో అందరూ దాన్ని చెప్పుకుని నవ్వారు. నాకు నవ్వు రాలేదు. నేను పెరట్లో అన్న మాట అచ్చయి తిరిగి వచ్చిందని నాకూ పెదనాన్నగారికీ తెలుసు. పత్రికాఫీసు నుంచి ఆయనకి గట్టిగా ఉత్తరం వచ్చింది. దాన్ని చదివి మడిచి, ఏదో పుస్తకంలో పెట్టేసుకున్నారు.

రెండు వారాల తరువాత మేస్త్రి భార్య మా ఇంటికి వచ్చింది. పోలీసులు సంచీ ఆవిడకి ఇచ్చేశారు. అందులోని పుస్తకాన్ని ఎండలో ఆరబెట్టి, ఊడిన అట్టకి మైదా పెట్టి అంటించి, తిరిగి ఇవ్వడానికి తెచ్చింది. పేజీలు ఉబ్బిపోయి పుస్తకం రెండింతలు లావైంది. ఆవిడకి చదువు రాదు. స్టాంపు మీద ఏముందో ఎవరితోనో చదివించుకుందట.

ఇచ్చాక వెంటనే వెళ్ళలేదు. గుమ్మం దగ్గరే నిలబడింది.

"ఒక మాట అడగొచ్చాండి? ఆ ముందు రోజు రాత్రి అన్నం తింటా నాకు కతంతా చెప్పేరండి. గది లోపల గడియ పెట్టుందంట కదండి. తలుపు మడతబందులు బైటికుంటే గడియతో పనేవుంది, మేకు పైకి లాగితే తలుపూడి చేతికొచ్చేత్తాది అన్నారండి. ముందువారం బందులు మార్పించింది గుమాస్తా కాబట్టి ఆడే చేసుంటాడు, రేపు పూర్తి చేసి చెప్తాను అన్నారండి. ఆయన చెప్పింది నిజమేనాండి?"

ఆ నవలలో హంతకుడు డాక్టరు. అది నేను చదివినదే, నేను ముందే చెప్పినదే. పెదనాన్నగారు ఆ ఉబ్బిన పుస్తకాన్ని తీసుకుని అటూ ఇటూ తిప్పి చూశారు.

"నిజవేనమ్మా" అన్నారు చివరికి. "గుమాస్తాయే."

ఆవిడ తల ఊపింది. ఆ రెండు వారాల్లో మొదటిసారేమో, మొహంలో చిన్న కదలిక కనిపించింది. పుస్తకాన్ని ఉంచుకోమని ఆయన తిరిగి ఇచ్చేశారు. ఆవిడ కొంగులో చుట్టుకుని వెళ్ళిపోయింది.

తెలియనిది చెప్పకూడదని నాకు నేర్పిన మనిషి అబద్ధం ఎందుకు చెప్పారని నేను ఆయన్ని నిలదీశాను. ఆయన కళ్ళజోడు తీశారు. నవ్వలేదు.

"ఆ తలుపు గురించి నేను ఏ వడ్రంగినీ అడక్కుండా రాసేను బుల్లీ. ఆయన చెప్పిందే సరి. పేపర్లో జరిగిందాన్ని మార్చే హక్కు నాకు లేదు. కతలో నా తప్పు దిద్దుకునే హక్కుంది."

ఆ మర్నాటి నుంచి చివరి మూడు ప్రకరణాలూ మళ్ళీ రాశారు. సాఫు ప్రతి నేను రాశాను. రెండో ముద్రణలో హంతకుడు గుమాస్తా అయ్యాడు. ఎందుకు మారాడో పాఠకులెవరికీ తెలియదు. మొదటి దానికంటే ఇదే బాగుందని చాలా ఉత్తరాలు వచ్చాయి. ఆయన ప్రతి ఉత్తరం మేస్త్రి భార్యకి చదివి వినిపించి వచ్చేవారు.

పెదనాన్నగారు పోయి చాలా ఏళ్ళయింది. ఆయన పుస్తకాలన్నీ మా ఊరి బడికీ, చర్చి గదికీ పంచేశాం. నేను టీచరుగా పనిచేసి రిటైరయ్యాను. పిన్నిగారు బతికి ఉన్నంతకాలం ఆ శనివారం ఊసు నా ముందు ఒక్కసారి కూడా ఎత్తలేదు. ఎత్తకపోవడం వల్లే నేనూ మరిచిపోలేదు.

ఇప్పుడు చేతిలో ఫోను ఉంది. ఎవరు పోయారో, ఎక్కడ ఏం జరిగిందో నిమిషానికొకరు పంపిస్తూనే ఉంటారు. నేను ఎవరికీ పంపను. అది పెద్ద కష్టం కాదు. పెదనాన్నగారి దగ్గర నేర్చుకున్న కష్టమైన పని ఇంకొకటి ఉంది. పోయిన ఏడాది మా వారికి గుండెనొప్పి వచ్చి ఆసుపత్రిలో చేర్చాం. బయట బెంచీ మీద నేనూ, తొమ్మిదేళ్ళ మా మనవరాలూ. వచ్చినవాళ్ళందరూ ఏమీ కాదులే అని దాని తల నిమిరి వెళుతున్నారు. అందరూ వెళ్ళాక అది నావైపు తిరిగి, తాతయ్య ఇంటికి వస్తారా అమ్మమ్మా అని అడిగింది.

ఆయన వచ్చారు, అది తరువాతి సంగతి. అప్పటికి నాకు తెలియదు. దాని కళ్ళలోకి చూసి, "నాకింకా తెలీదమ్మా. తెలియగానే ముందు నీకే చెప్తాను" అన్నాను. అది ఏడవలేదు. దగ్గరికి జరిగి నా చెయ్యి పట్టుకుంది. డాక్టరుగారు బయటికి వచ్చేదాకా ఇద్దరం అలాగే కూర్చున్నాం.